కాళ్ళు కడుక్కుని రావద్దని చెప్పాల్సి వచ్చిన కేసు

గాజువాకలో మా క్లినిక్‌కి ఆమె మొదటిసారి వచ్చింది జూన్ మొదట్లో. వయసు 34. రొయ్యల ప్లాంట్‌లో పీలింగ్ సెక్షన్‌లో ఐదేళ్ళుగా పని. ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను, ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను.

మా దగ్గర చెప్పులు బయట విడవాలి. ఆమె తన నంబరు పిలిచినా వెనకవాళ్ళను ముందు పంపించి, హాలు దాదాపు ఖాళీ అయ్యాక చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర పట్టా మీద రెండు పాదాలూ గట్టిగా తుడుచుకుని లోపలికి వచ్చింది. కూర్చోగానే కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది. చూపించింది మాత్రం చేతి మీద ఒక పులిపిరి. దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడి, మందు చీటీ తీసుకుని, లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"డాక్టరమ్మా, ఇంకోటుందండి."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఎనిమిది నెలలుగా పాదాలు భరించలేని వాసన. సాక్సు తీస్తే అరికాలికి జిగురులా అంటుకుని వస్తుంది. కంపెనీ బస్సులో వెనక సీటు ఆమెకే వదిలేస్తారు, పక్కన ఎవరూ కూర్చోరు. చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళి, చెప్పులు విడవాల్సి వస్తుందని భోజనాల దగ్గరే ఉండిపోయి, అక్షింతలు వేయకుండా వచ్చేసింది. రంగు సంగతి దాని మీద ఇంకో టెన్షన్. పాదం పైన తెల్లటి మచ్చలు, వేళ్ళ సందుల్లో ఎర్రమట్టి రంగు, గోళ్ళు, మడమ గోధుమరంగు. పక్కింటామె బొల్లి అంది. అత్తగారు ఆ మాట కూడా అనలేదు, కోడలి కంచం, గ్లాసు విడిగా పెట్టడం మొదలెట్టింది. కుష్టు అనుకుంటోందన్నమాట.

ముందు ఆ భయం తీర్చడం అవసరం అనిపించింది. కళ్ళు మూసుకోమని తెల్ల మచ్చల మీద దూదిపోగుతో తాకాను, తాకిన ప్రతిసారీ వేలితో చూపించింది. వేడి, చల్లదనం తేడా చెప్పింది. మోకాలి పక్కన, చీలమండ వెనక నరాలు ఉబ్బి లేవు. కుష్టు కాదు. ఆ మాట చెప్తే తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. ఒకవేళ అదే అయినా కంచం విడిగా పెట్టాల్సిన జబ్బు కాదది, ఎం.డి.టి. అనే, కొన్ని మందులు కలిపి ఇచ్చే వైద్యంతో పూర్తిగా నయమవుతుంది. ఈ సంగతి అత్తగారికి చెప్పడానికి ఇంకో రోజు పట్టింది.

మా దగ్గరకు వచ్చేముందే ఆమె నాలుగు వైద్యాలు చేసుకుంది. సాక్సుల్లో టాల్కం పౌడరు. తర్వాత వేపాకు, పసుపు నూరి రాత్రిళ్ళు పట్టు. తర్వాత ఎవరో చెప్పారని పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళు. చివరగా మందుల షాపులో అడిగితే ఇచ్చిన ట్యూబు, మూడు నెలలు, రోజుకు రెండుసార్లు. ట్యూబు సంచిలోనే ఉంది. చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అనే చాలా గట్టి స్టెరాయిడ్, దానితో పాటు ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్. ఏ జబ్బయినా ఏదో ఒకటి తగలకపోతుందా అన్నట్టు కలిపిన ఇలాంటి క్రీములు మా ప్రాక్టీసులో సగం తలనొప్పి. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర జరిగేది వేరు.

మొదటిసారి నా పొరపాటు

పాదాలు చూస్తే శుభ్రంగా ఉన్నాయి. మరీ శుభ్రంగా. ఇంటి దగ్గర సబ్బుతో రెండుసార్లు తోమి, యాంటీసెప్టిక్ నీళ్ళలో ముంచి, ఆరబెట్టుకుని వచ్చిందట. డాక్టరు దగ్గరకు వాసనతో ఎలా వస్తారు మరి? వాసన దాదాపు లేదు. అరికాలి చర్మం కాస్త మందంగా ఉంది, అంతే. చిటికెన వేలి సందులో సన్నగా పొట్టు. ఆ పొట్టు గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూశాను. ఫంగస్ దారాలు కనబడలేదు. గది చీకటి చేసి వుడ్స్ ల్యాంప్ (కొన్ని చర్మవ్యాధుల్లో రంగు వెలుగు చూపించే అతినీలలోహిత దీపం) వేస్తే అక్కడా ఏమీ వెలగలేదు.

విశాఖలాంటి చెమట ఊళ్ళో, వానలకు ముందు, వేళ్ళ సందుల్లో పొట్టు అంటే పెన్ను దానంతటదే యాంటీఫంగల్ రాసేస్తుంది. నేనూ రాశాను. పరీక్షలో దొరకనంత మాత్రాన ఫంగస్ లేదనలేం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ట్యూబు, పర్మాంగనేట్ రెండూ ఆపమని, టెర్బినాఫిన్ క్రీము రాసుకోమని, మూడు వారాల తర్వాత రమ్మని పంపాను. షుగర్ చూపించాను, రాండమ్ 118, ఇబ్బంది లేదు.

మూడు వారాల తర్వాత వచ్చింది. వాసన అలాగే ఉంది. ఈసారి ఆమె మాటలు సరిగ్గా విన్నాను.

ఒకటి, స్టెరాయిడ్ ట్యూబు ఆపినా దురద పెరగలేదు. స్టెరాయిడ్ కింద ఫంగస్ నక్కి ఉంటే, అది ఆపగానే వారం పది రోజుల్లో ఎర్రబడి భగ్గుమనాలి. ఇక్కడ అలాంటిదేం జరగలేదు. అసలు ఆమెకు మొదట్నుంచీ దురద లేదు, నేనే అడగలేదు. రెండు, మధ్యలో శ్రీకాకుళం వైపు పుట్టింటికి వెళ్ళి పది రోజులుంది. అక్కడ చెప్పులతో తిరిగింది. ఏ మందూ రాయకుండానే వాసన సగానికి తగ్గింది. మూడోది ఆమె సొంత రోగనిర్ధారణ.

"అందరూ రొయ్యల కంపంటారండి. రొయ్యల వాసన నాకు తెలీదా ఏటి? ఐదేళ్ళబట్టి వలుస్తన్నాను. ఇది అది కాదండి. కుళ్ళిన గుడ్డు పగిలినట్టుంటాది."

కుళ్ళిన గుడ్డు అంటే గంధకం. మామూలు పాదాల వాసన అలా ఉండదు. చెమటకు సొంతంగా వాసన ఉండదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫైలోకాకస్ ఎపిడర్మిడిస్ లాంటి బ్యాక్టీరియా చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఐసోవలెరిక్ ఆమ్లంగా మారుస్తాయి. సాయంత్రం బూట్లు విప్పితే వచ్చే ఆ పులిసిన వాసన దానిదే. గంధకం వాసన వస్తోందంటే ఇంకెవరో చర్మాన్నే తింటున్నారని అర్థం.

"రేపు షిఫ్ట్ అయ్యాక నేరుగా ఇక్కడికి రండి. స్నానం వద్దు. కాళ్ళు కడగొద్దు. ఆ సాక్సులతోనే రండి, గంబూట్లు కూడా సంచిలో వేసుకు తెండి."

నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తప్పు పని చెయ్యమన్నట్టు చూసింది. "అందరూ వెళ్ళిపోయాక రండి, ఏడున్నరకి" అన్నాక సరేనంది.

ఏడున్నరకి

నేల మీద పేపర్లు పరిచాం. సాక్సు నైలాన్‌ది. లాగితే అరికాలి నుంచి చప్పుడుతో ఊడింది. మా నర్సు కిటికీ తీసింది, మాట మాత్రం అనలేదు, అది మంచిదైంది.

అరికాలు మొత్తం నానిపోయి తెల్లగా ఉంది. మడమ మీద, వేళ్ళ మొదట్లో, అంటే ఒంటి బరువు పడే చోట్లల్లా చిన్న చిన్న గుంటలు. బీచ్‌లో పొడి ఇసుక మీద మొదటి చినుకులు పడితే ఎలా గుంటలు పడతాయో అచ్చం అలా. ఒక్కొక్కటి ఒకటి రెండు మిల్లీమీటర్లు. మడమ అంచున కొన్ని కలిసిపోయి అంచులు వంకరటింకరగా పెద్ద మడుగులయ్యాయి. నిన్న మధ్యాహ్నం ఇదే పాదం పొడిగా చూశాను, ఒక్క గుంటా కనబడలేదు. చర్మం నానితేనే ఇవి తేలతాయి. చదువుకున్న సంగతే, సమయానికి తోచలేదు.

మళ్ళీ లైట్లు ఆర్పి వుడ్స్ ల్యాంప్ వేశాను. నాలుగు, ఐదు వేళ్ళ సందులో పగడం రంగు వెలుగు. రెండో కాలికీ అంతే. ఎరిత్రాస్మా, చర్మం మడతల్లో వచ్చే బ్యాక్టీరియా జబ్బు. కొరినెబాక్టీరియం మినుటిసిమం అనే బ్యాక్టీరియా తయారుచేసే కోప్రోపోర్ఫిరిన్ అనే రంగు పదార్థం వల్ల ఆ వెలుగు వస్తుంది. ఆ పదార్థం నీళ్ళలో కరుగుతుంది. కాలు కడుక్కుని వస్తే వెలుగూ కాలవలో పోతుంది. మొదటి రోజు నాకు ఏమీ కనబడకపోవడానికి కారణం అదే. ఆమె సిగ్గుపడి తోమిన ప్రతి తోముడూ నా సాక్ష్యాన్ని కడిగేసింది.

ఆమెను వంగి చూడమన్నాను. తన కాలు చీకట్లో ఎర్రగా మెరవడం చూసి, "అది పురుగాండీ?" అంది. పురుగు కాదు, పురుగు వదిలిన రంగు అన్నాను.

తర్వాత బూట్లు. కుడిది బాగానే ఉంది. ఎడమది తలకిందులుగా పట్టుకుంటే అర గ్లాసు నీళ్ళు పేపరు మీద కారాయి. అడుగు అతుకు దగ్గర సన్నని చీలిక. ప్లాంట్ లోపలికి వెళ్ళేటప్పుడు క్లోరిన్ నీళ్ళ తొట్టిలో బూట్లతో అడుగుపెట్టి వెళ్ళాలి, లోపల నేలంతా ఐసు నీళ్ళు. తొమ్మిది పది గంటలు ఆ చీలిక లోంచి ఎక్కిన నీళ్ళు, రబ్బరు గాలాడనివ్వక పట్టిన చెమట, నైలాన్ సాక్సు. ఎడమ కాలు ఎక్కువ పాడైంది ఎందుకో అక్కడే తెలిసిపోయింది.

ఈ గుంటల జబ్బు పేరు పిటెడ్ కెరటోలైసిస్. 1910లోనే ఆల్డో కాస్టెల్లానీ అనే ఇటలీ డాక్టరు అప్పటి సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, దీన్ని వర్ణించాడు. కైటోకాకస్ సెడెంటేరియస్, కొన్ని రకాల కొరినెబాక్టీరియాలు దీనికి కారణం. తడి దొరికితే పెరిగి, చర్మం పై పొరలోని గట్టి ప్రొటీన్ అయిన కెరటిన్‌ను కరిగించే ఎంజైములు వదులుతాయి. పై పొర చర్మం కరిగిన చోట గుంట, కరిగినప్పుడు పుట్టే గంధకపు సమ్మేళనాల వల్ల ఆ కుళ్ళు వాసన. కైటోకాకస్‌ను 1944లో మొదటిసారి వేరు చేసింది సముద్రపు నీటిలోంచి అని చదివినప్పుడల్లా మా ఊరికి బాగానే సరిపోయింది అనుకుంటాను. ఆమె ఒక్కతేనా అంటే కాదు. సేఫ్టీ షూ వేసుకునే స్టీల్ ప్లాంట్ కార్మికులు, సెక్యూరిటీ గార్డులు, హార్బర్‌లో తడిలో నిలబడేవాళ్ళు అందరిలోనూ చూస్తుంటాను. ఒకరిద్దరు మాత్రమే వాసన అని నోరు తెరిచి చెప్తారు.

రంగులన్నీ ఒక్క జబ్బువి కావు

అరికాలి తెలుపు నానడం వల్ల. వేళ్ళ సందుల ఎర్రమట్టి రంగు ఎరిత్రాస్మా వల్ల. ఈ రెండే జబ్బు తెచ్చిన రంగులు. మిగతావి వైద్యం తెచ్చినవి.

పాదం పైన తెల్లబడిన చోట చర్మం సిగరెట్ పేపరులా పలచబడి, సన్నటి రక్తనాళాలు కనబడుతున్నాయి. బొల్లి మచ్చలో చర్మం తీరు మారదు, రంగొక్కటే పోతుంది. అంచు కూడా గీత గీసినట్టుంటుంది. ఇక్కడ అంచు చెదిరి ఉంది, తెలుపు కూడా సున్నం తెలుపు కాదు. అందులోనూ ట్యూబు ఎక్కడిదాకా రాసిందో సరిగ్గా అక్కడిదాకానే ఉంది. క్లోబెటసాల్ పని అది. ఆపితే నెలల మీద రంగు చాలావరకు తిరిగొస్తుంది.

గోళ్ళు, మడమ గోధుమరంగు పర్మాంగనేట్‌ది. నీళ్ళు ఏ రంగు వచ్చేదాకా కలిపారని అడిగితే, ఎదురుగా ఉన్న నర్సు చీర చూపించింది. వంకాయ రంగు. కలపాల్సింది పదివేల వంతుల నీళ్ళకు ఒక వంతు, లేత గులాబీ రంగు దాటకూడదు. చిక్కగా కలిపితే మాంగనీస్ డయాక్సైడ్ మరకై గోళ్ళలోకి దిగుతుంది, ఇంకా చిక్కనైతే చర్మం కాలుతుంది కూడా. ఆమె అదృష్టం, మరకతో ఆగింది. నిమ్మకాయ రుద్దొచ్చా అంది. వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి, వద్దన్నాను. మడమ మరక చర్మం రాలి పోతుంది, గోరు మరక గోరు పెరిగితేనే పోతుంది. బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది పైనే.

ఇక వైద్యం. క్లిండమైసిన్ ఒక శాతం లోషన్ ఉదయం, రాత్రి, అరికాలికీ వేళ్ళ సందులకీ నాలుగు వారాలు. రెండు రకాల బ్యాక్టీరియా మీదా అదే పనిచేస్తుంది కాబట్టి మాత్రలు రాయలేదు. ఈ జబ్బుకు యాంటీబయాటిక్ మాత్ర మింగించాల్సిన అవసరం అరుదు. కాళ్ళు కడగడానికి బెంజాయిల్ పెరాక్సైడ్ ఐదు శాతం వాష్. ఆమెకు చెమట కూడా మామూలుకంటే ఎక్కువ, అరచేతులు కూడా తడిగా ఉంటాయి. అందుకని ఇరవై శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాత్రి పడుకోబోయే ముందు అరికాలికి మాత్రమే, పొద్దున కడిగేయాలి. వాసన ఒక్కటే ఉండి గుంటలు లేనివాళ్ళకు చాలాసార్లు ఇదొక్కటే చాలు. దీనితో లొంగని చెమటకు నీళ్ళ తొట్టిలో పాదాలు పెట్టించి సన్నగా కరెంటు పంపే అయాన్టోఫోరెసిస్ ఉంది. ఆమెకు అంతదూరం పోలేదు.

రెండో రోజు రాత్రి ఫోన్. కాలు మంట. "కడుక్కున్నాక రాసీసానండి, వెంటనే." తడి కాలి మీద అల్యూమినియం క్లోరైడ్ పడితే ఆమ్లం తయారై మండుతుంది. చీటీ మీద 'పొడి కాలికి' అని రాశాను. కడిగి తుడుచుకుంటే పొడే కదా అని ఆమె లెక్క. టేబుల్ ఫ్యాను ముందు పది నిమిషాలు కాళ్ళు పెట్టాక రాయాలని అప్పుడు చెప్పాను. ఇప్పుడు అందరి చీటీల మీదా ఫ్యాను బొమ్మ గీస్తున్నాను.

మందుల కన్నా కష్టమైంది బూట్ల సంగతి. కంపెనీ ఇచ్చేది ఒక్క జత. అది రాత్రికి రాత్రి ఆరదు. రోజు మార్చి రోజు వేసుకోవాలంటే రెండు జతలుండాలి. లెటర్‌హెడ్ మీద 'వైద్య కారణాల రీత్యా రెండో జత బూట్లు, భోజన విరామంలో సాక్సులు మార్చుకునే వీలు అవసరం' అని రాసి, స్టాంపు వేసి ఇచ్చాను. ఇలాంటి ఉత్తరాలు చెత్తబుట్టలోకి పోతాయనుకునేదాన్ని. వారంలో కొత్త జత ఇచ్చారు. కాటన్ సాక్సులు పన్నెండు జతలు పూర్ణా మార్కెట్‌లో ఆమే కొనుక్కుంది. రోజుకు మూడు జతలు, వేణ్ణీళ్ళలో నానబెట్టి ఉతకాలి. బూట్లు రాత్రి తలకిందులుగా కర్రకు తగిలించాలి, పొయ్యి దగ్గర కాదు, ఎండలో నిలబెట్టడమూ కాదు. పొయ్యి వేడికి, ఎండకి రబ్బరు పగిలి మళ్ళీ నీళ్ళు ఎక్కుతాయి.

పదో రోజుకి వాసన పోయింది. నేను అనడం కాదు, ఆమె మళ్ళీ కాళ్ళు కడుక్కోకుండా వచ్చి, ముందుగానే చెప్పులు విడిచి కూర్చుంది. గుంటలు ఇంకా కొన్ని ఉన్నాయి, అంచులు మెత్తబడ్డాయి. పగడం వెలుగు లేదు. ఆ రోజే అత్తగారిని వెంట తెచ్చింది. పెద్దావిడ చేతికి దూదిపోగు ఇచ్చి, కోడలి మచ్చలు మీరే తాకి చూడండమ్మా అన్నాను. నాలుగు చోట్ల తాకింది. కోడలు నాలుగూ సరిగ్గా చెప్పింది. ఇంట్లో కంచం సంగతి ఏమైందో నేను అడగలేదు.

అప్పుడే సింహాచలం గిరి ప్రదక్షిణ వచ్చింది. 32 కిలోమీటర్లు, ఉత్తకాళ్ళతో. మొక్కుందట, వెళ్ళొచ్చా అంది. ఈ జబ్బుకు చెప్పుల్లేకుండా నడవడం చెడు కాదు, గాలాడుతుంది. నా భయమల్లా పాదం పైన పలచబడ్డ చర్మం, నానిన అరికాలు అంత దూరం రోడ్డు మీద తట్టుకుంటాయా అని. సగం దాకా నడిచి చూడండి, మంట పుడితే ఆటో ఎక్కండి, ఆగినచోటల్లా కాళ్ళు తుడుచుకోండి అన్నాను. అప్పుఘర్ దాకా నడిచి, సముద్రంలో కాళ్ళు ముంచి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళిందట. మడమ మీద ఒక పొక్కు, అంతే.

నాలుగో వారానికి గుంటలు పూర్తిగా పూడిపోయాయి. క్లిండమైసిన్ ఆపించాను. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ వారానికి రెండుసార్లు, అల్యూమినియం క్లోరైడ్ వారానికి ఒక రాత్రి కొనసాగించమన్నాను.

అక్టోబరులో మళ్ళీ వచ్చింది. ఓవర్‌టైములు పడి, ఒక జత బూట్లు కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చేయమన్నారట. రెండు వారాలు ఒకే జత. ఎడమ మడమ మీద తొమ్మిది గుంటలు లెక్కపెట్టాను. లోషన్ మళ్ళీ రెండు వారాలు, లెటర్‌హెడ్ మీద మళ్ళీ ఉత్తరం. పాదం పైన తెలుపు అప్పటికి సగం నిండింది, చర్మం ఇంకా కాస్త పలచగానే ఉంది. బొటనవేలి గోరు మొదట్లో ఆరు మిల్లీమీటర్లు కొత్త గోరు శుభ్రంగా వచ్చింది, మిగతాది ఇంకా గోధుమరంగే.